ఎనిమిది షట్టర్ల వరస: నెల్లూరు చిన్నబజారు దగ్గర ఒక పాత మిద్దె పడగొట్టి కట్టిన కథ

నెల్లూరులో చిన్నబజారు నుంచి ట్రంకు రోడ్డు వైపు వచ్చే సందుల్లో ఒకదాంట్లో ఎనిమిది షట్టర్లున్న పాత మిద్దె ఉండేది. దాన్ని పడగొట్టి కొత్తగా కట్టే పని 2017 వేసవిలో నా చేతికొచ్చింది. నేను ఈ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా ప్లాన్లు గీస్తూ, కట్టిస్తూ ఉన్న సివిల్ ఇంజనీరుని. కార్పొరేషన్ లైసెన్సుతో ఎన్నో కాంప్లెక్సులకు ప్లాన్లు పెట్టాను. కానీ ఇంత చిన్న స్థలంలో నాకు ఇంత నేర్పిన పని మరొకటి లేదు. రెండేళ్లలో అయిపోతుందనుకున్నది లెక్కలతో, అనుమతులతో కలిపి నాలుగేళ్లు పట్టింది. ఇలాంటి పని మొదలుపెట్టబోయే ఇంజనీర్లకు, పాత అంగళ్లున్న ఇంటివాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ఆ వ్యాపారులు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి సందు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. నెల్లూరు మున్సిపాలిటీ 1866లో ఏర్పడింది, కార్పొరేషన్ అయింది 2004లో. పాత ఊరి సందులన్నీ ఎద్దులబండి లెక్కన పడినవి. ట్రంకు రోడ్డు అంటే మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు. హైవే బైపాస్ మీదికి పోయినా ఊరి బేరం మాత్రం చాలాకాలం ట్రంకు రోడ్డు చుట్టూనే తిరిగింది. తర్వాత మాగుంట లేఅవుట్‌కు మాల్ వచ్చింది, మినీ బైపాస్ మీద పెద్ద షోరూములు లేచాయి. కారున్నవాళ్లు అటు పోయారు. కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట, పొదలకూరు నుంచి బస్సు దిగి వచ్చేవాళ్లు మాత్రం ఇప్పటికీ పాత బజారుకే వస్తారు. మన ఊళ్లో పేట పేరు అట్లాగే నిలిచిపోతుంది, లోపలి వ్యాపారం మారిపోతుంది. పొగతోటలో ఇప్పుడు పొగాకు ఎక్కడుంది? సందు సందుకీ ఆస్పత్రి, ల్యాబు, మందుల షాపు. ఎవరూ ప్లాన్ వేసి మార్చింది కాదది. ఒక డాక్టరు పక్కన ఇంకో డాక్టరు, వాళ్లకోసం ల్యాబు, రోగి వెంట వచ్చినవాళ్లకోసం టిఫిను బండి. ఒకదాన్ని పట్టుకుని ఒకటి వస్తుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

మిద్దె ఉన్న స్థలం 42 అంకణాలు. మా ఊళ్లో అంకణమంటే 72 చదరపు అడుగులు. ముందు వైపు 54 అడుగులు, లోతు 56 అడుగులు. వెనక పన్నెండడుగుల సందు ఒకటి ఉంది. కట్టడం సున్నం, ఇటుక. పైన టేకు దూలాలు, దంతెల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రసు అనే పాతకాలపు పైకప్పు. నాలుగైదు చోట్ల ఉరుస్తోంది. రెండు దూలాలు గోడలో దిగిన చోట చెదపట్టాయి. మేకు పెట్టి నొక్కితే అంగుళంన్నర లోపలికి దిగింది. రిపేరుతో పోయే స్థితి కాదని ఆ రోజే ఇంటివాళ్లకు చెప్పాను.

ఇంటివాళ్లు నలుగురు తోబుట్టువులు. అక్కగారు నెల్లూరులోనే ఉంటారు, ఆ అద్దెలే ఆమెకు ఆధారం. తమ్ముళ్లు ఒకరు హైదరాబాదు, ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికా. ఆస్తిపన్ను, కరెంటు మీటర్లు అన్నీ చనిపోయిన తాతగారి పేరు మీదే ఉన్నాయి. పేర్లు మార్చుకుని, వారసుల సంతకాలన్నీ తెచ్చుకునేసరికే ఐదు నెలలు పోయాయి. ఈ భాగం మీద ఎక్కువ రాయను. పాత బజారులో పనిచేసే ప్రతి ఇంజనీరుకూ తెలిసిందే.

తమ్ముళ్ల ఆలోచన సూటిగా ఉంది. పడగొట్టి మూడంతస్తులు కట్టి మొత్తం ఒకే పెద్ద కంపెనీకి ఇవ్వాలి. అడిగిన కంపెనీ కూడా ఉంది. ఒకే చెక్కు, ఒకే సంతకం, తలనొప్పి లేదు. పాతవాళ్లకు అడ్వాన్సులు తిరిగిచ్చేసి ఖాళీ చేయించాలి. నన్ను పిలిచింది దానికి ప్లాన్ గీయమనే. అక్కగారు మాత్రం నాతో ఒక మాటన్నారు. "తమ్ముడూ, ఒకటో తారీకు వాళ్లే ఇంటికొచ్చి అద్దె ఇచ్చిపోతారు. నేను నోరు తెరిచి అడిగిన రోజు లేదు. నువ్వు ఒకసారి ఆ సందులో కూర్చుని చూసి, అప్పుడు గీయి."

ఆ మాట మీదే అక్కడ కూర్చున్నాను.

స్థలం కొలిచే ముందు బేరం కొలిచాం

ఎనిమిది అంగళ్లు ఇవి. ఇత్తడి పాత్రలు, జాకెట్ గుడ్డల మ్యాచింగ్ సెంటరు, టైలరు, పసుపు కుంకుమ పూజ సామాన్లు, శుభలేఖలు, గాజులు, వాచీల రిపేరు, టీ అంగడి. బయటినుంచి చూస్తే ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేనట్టే ఉంటుంది. టేపు పట్టుకుని పోయిన మొదటి రోజు నాకూ అట్లాగే అనిపించింది.

వైశాఖం పెళ్లిళ్ల సమయంలో ఒక వారం, మళ్లీ ఆషాఢంలో ఒక వారం, నేనూ నా దగ్గర పనిచేసే డిప్లొమా కుర్రాడూ టీ అంగడి బల్ల మీద కూర్చుని రాసుకున్నాం. ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే రాస్తే ఉపయోగం లేదని రెండో రోజుకే అర్థమైంది. కాబట్టి మూడు సంగతులు రాశాం. ఎటునుంచి వచ్చారు, వచ్చేటప్పుడు చేతిలో ఏ అంగడి కవరుంది, ఇక్కడినుంచి ఏ షట్టరులోకి పోయారు.

నాలుగో రోజు ఉదయం బుచ్చి వైపు నుంచి ఒక పెళ్లివారు వచ్చారు. ఇద్దరు పెద్దావిడలు, పెళ్లికూతురు, ఆమె మేనమామ. చేతుల్లో ట్రంకు రోడ్డు చీరల షాపు కవర్లు. పెద్దావిడ దగ్గర నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసిన పట్టీ. ముందు మ్యాచింగ్ సెంటరులో చీర విప్పి గుడ్డ చూసుకున్నారు. అక్కడే ఫాల్ కొన్నారు. పక్కన టైలరుకు కొలతలిచ్చి, పెళ్లి తారీకు చెప్పి, ఆయన తల అడ్డంగా ఊపితే బతిమాలుకున్నారు. ఆ బతిమాలుకోవడం సాగుతుండగానే పెళ్లికూతురు గాజుల అంగట్లో చెయ్యి చాపి కూర్చుంది. పెద్దావిడ ఇత్తడి అంగట్లో బిందె ఎత్తి, వేలి గణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నది. "ఇది పల్చన నాయనా, సారెలోకి పోయేది, నలుగురిలో నవ్వుబాటు కాకూడదు" అంది. అంగడాయన లోపలినుంచి ఇంకోటి తెచ్చి కాటా మీద పెట్టాడు. ఇంట్లోంచి తెచ్చిన సొట్టబోయిన పాత చెంబులు తూకానికేసి ఆ డబ్బు తగ్గించుకున్నారు. మేనమామ టీ తాగుతూ పక్కన శుభలేఖల నమూనాలు చూశాడు. మూడున్నర గంటలు గడిచాయి. ఎనిమిది షట్టర్లలో ఆరింటితో వాళ్లకు పని పడింది.

ఆ సాయంత్రం కాగితాలు ముందేసుకుంటే లెక్క స్పష్టంగా కనిపించింది. ఇవి ఎనిమిది వ్యాపారాలు కావు. పెళ్లి అనే ఒకే వ్యాపారం ఎనిమిది షట్టర్లలో కూర్చుంది. ఒక షట్టరుకు వచ్చిన గిరాకీ పక్క షట్టరుకు బోణీ. టైలరు దగ్గర ఎదురుచూసే అరగంటే గాజులాయనకు బేరం. టీ అంగడి లేకపోతే వెంట వచ్చిన మగవాళ్లు "ఇక పదండి" అని తొందర పెడతారు, ఇత్తడి బేరం సగంలో తెగిపోతుంది.

ఆషాఢంలో వచ్చిన లెక్క ఇంకోలా ఉంది. పెళ్లిళ్లు లేవు. అది 2017 జూలై, జీఎస్టీ వచ్చిన నెల. ఇత్తడాయన కొత్త బిల్లు పుస్తకం ముందేసుకుని టెన్షన్‌తో కూర్చున్నాడు. రోజుకు నాలుగు బేరాలు లేవు. ఆ నెల వీళ్లను బతికించింది పూజ సామాన్లు, టీ, వాచీలకు బ్యాటరీలు. అంటే వరసలో చిన్నవి అనుకున్న అంగళ్లే అన్‌సీజనులో సందును తెరిచి ఉంచుతున్నాయి.

ఈ కాగితాలన్నీ పట్టుకుని అక్కగారి ఇంట్లో కూర్చుని తమ్ముళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడాను. నేను చెప్పింది ఇది. సందు వెడల్పు 24 అడుగులు, కారు ఆపే చోటు లేదు. కంపెనీవాళ్లకు కారు గిరాకీ కావాలి. లాకిన్ గడువు, అంటే ఖాళీ చేయకూడదని ఒప్పందంలో రాసుకున్న గడువు, తీరగానే మాగుంట లేఅవుట్‌కో మినీ బైపాస్‌కో పోతారు. అప్పుడు 54 అడుగుల ముందుభాగం ఒక్కరోజులో ఖాళీ అయి చీకటి పడుతుంది. ఎనిమిదిమందిలో ఒకరు పోతే ఒక షట్టరే మూతపడుతుంది. రెండో సంగతి కోర్టు. ముప్ఫై ఏళ్లుగా ఉన్నవాళ్లను బలవంతంగా లేపితే ఒక్కరు కేసు వేసినా చాలు, ఏళ్ల తరబడి స్థలం అట్లాగే పడి ఉంటుంది. అద్దె చట్టం సంగతులు లాయరుగారు విడిగా వివరించారు. హైదరాబాదు తమ్ముడు చాలాసేపు వాదించారు. ఆయన వాదనలో బలం ఉంది. అప్పటి అద్దె షట్టరుకు మూడు వేల చిల్లర, బయట ధర పదిహేను వేలు దాటింది. చివరికి మూడు మెట్లుగా పెంచే అద్దెకు ఒప్పుకున్నారు. కొత్త షట్టరు తొమ్మిది వేలతో మొదలై మూడేళ్లకోసారి పెరుగుతుంది. గుడ్‌విల్ పేరుతో విడిగా కట్టే డబ్బు ఉండదు. పాత అడ్వాన్సే కొనసాగుతుంది.

ఆరు షట్టర్లు, ఒక మెట్లదారి

ఒప్పందం అయ్యాక అసలు చిక్కు ప్లాన్ గీసే దగ్గర మొదలైంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ సందుకు చూపిన వెడల్పు కోసం ముందు నాలుగడుగులు రోడ్డుకు వదలాలి. రెండు పక్కలా మూడున్నర అడుగుల చొప్పున వదిలాం. పైకి పోవడానికి మెట్లదారి ఐదడుగులు. 54లో 12 పోతే మిగిలింది 42 అడుగులు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే ఐదుంపావు. గోడలు తీస్తే ఐదడుగులు కూడా మిగలదు. ఇత్తడి గంగాళం పట్టుకుని మనిషి తిరగలేడు.

అందరూ చెప్పే దారి ఒకటుంది. కింద మొత్తం స్టిల్టు, అంటే గోడల్లేకుండా పిల్లర్లే ఉండే అంతస్తు, వేసి పార్కింగు పెట్టి, అంగళ్లు మొదటి అంతస్తులో పెట్టడం. కాగితం మీద చాలా అందంగా వస్తుంది. నేను ఒప్పుకోలేదు. పసుపు కుంకుమ కొనడానికి ఎవరూ మెట్లెక్కరు. దారిన పోతూ కంటబడితే కొనే సరుకది. కాబట్టి ముందు సగం అంగళ్లు, వెనక సగం పార్కింగు పెట్టి, దానికి దారి వెనక సందులోంచి ఇచ్చాం. సరుకు బండ్లు కూడా పొద్దున్నే వెనకనుంచి వస్తాయి. ముందు సందులో ట్రాలీ ఆటో అడ్డంగా ఆగడం తగ్గింది. పాత ఊరి ఇళ్లకు వెనక సందులుండడం మా పెద్దలు ఇచ్చిపోయిన సదుపాయం. దాన్ని చాలామంది గోడ కట్టి మూసేస్తున్నారు, నాకు చాలా బాధేస్తుంది.

ఎనిమిది షట్టర్లను ఆరు చేయాలి. ఎవరిని తగ్గించాలన్నది నేను తేల్చలేదు, వాళ్లతోనే మాట్లాడాను. వాచీలాయన తనే అన్నాడు, "సార్, నాకు షట్టరెందుకు? మూడడుగుల బల్ల, ఒక లైటు, మనుషులు నడిచే చోటు ఉంటే చాలు." మెట్ల కింద మూలను ఆయనకోసం గీశాను. శుభలేఖలాయన తన వ్యాపారం తగ్గిపోతోందని దాచకుండా చెప్పాడు. అందరూ వాట్సాప్‌లో పంపేస్తున్నారు, దేవుడి దగ్గర పెట్టడానికీ దగ్గరి చుట్టాలకూ వంద కార్డులు అచ్చేయించుకుంటున్నారు. వచ్చేవాళ్లు ముందే ఫోన్ చేసి వస్తారు కాబట్టి మొదటి అంతస్తయినా ఫరవాలేదన్నాడు. అట్లా ఆరు షట్టర్లు మిగిలాయి. ఒక్కొక్కటి ఏడడుగులు. రెండు షట్టర్లకు ఒక పిల్లరు చొప్పున పెట్టి, జంట మధ్య గోడను నాలుగంగుళాల బ్లాకుతో కట్టాను. ఏ షట్టరుకూ ద్వారం ఎదురుగా పిల్లరు రాకూడదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి ఉత్తరమో తూర్పో చూడాలి. దీనికి మూడుసార్లు ప్లాన్ మార్చాను. ఈ పట్టింపును చిన్నచూపు చూసే ఇంజనీర్లకు ఒక మాట. ఆ మనిషి రోజుకు పన్నెండు గంటలు అక్కడే కూర్చోవాలి. మనసొప్పని చోట ఎట్లా కూర్చుంటాడు?

సగం పడగొట్టి సగం ఉంచి

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం. మొత్తం ఒకేసారి పడగొడితే పని తొందరగా అవుతుంది, ఖర్చూ తక్కువ. కానీ ఏడాదికి పైగా ఎనిమిదిమంది రోడ్డున పడతారు. ఒప్పందం మీటింగులో ఇత్తడాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "అద్దె సంగతి తర్వాత చూద్దాం అబ్బయ్యా. అంగడి మూస్తే నెలనెలా చీటీ ఎట్లా కట్టేది?" నేను అంతవరకు దాని గురించి ఆలోచించలేదు. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ అడిగాను. ఎనిమిదిమందిలో ఏడుగురికి చీటీలున్నాయి. నలుగురు రోజువారీ ఫైనాన్సు కడుతున్నారు. సరుకు అరువు మీద వస్తుంది. ఆరు నెలలు షట్టరు తెరవకపోతే అరువిచ్చేవాళ్లు నమ్మకం వదిలేస్తారు. తిరిగి తెరిచే రోజుకు అంగడి ఉంటుంది, వ్యాపారి ఉండడు.

అందుకే సగం సగం కట్టాలని తేల్చాం. కుడివైపు నాలుగు పాత షట్టర్లలో ఎనిమిదిమందీ ఇద్దరిద్దరుగా సర్దుకుంటారు. ఎడమ సగం పడగొట్టి కడతాం. తర్వాత అటునుంచి ఇటు మారతారు. దీనికోసం భవనాన్ని రెండు బ్లాకులుగా డిజైన్ చేసి మధ్యలో రెండంగుళాల ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే రెండు బ్లాకులూ తగలకుండా వదిలే ఖాళీ, పెట్టాను. ఖర్చు పెరిగింది, ఆ జాయింటు దగ్గర నీళ్లు దిగకుండా చూసుకోవడం ఇప్పటికీ ఏటా ఒక పని. అయినా మళ్లీ అవకాశమొస్తే ఇట్లాగే కడతాను.

ఎవరిని ఎవరితో జత చేయాలన్నది కూడా తేలిక కాదు. కుంకుమ, పసుపు గాలికి లేస్తాయి. మ్యాచింగ్ సెంటరులో తెల్ల ఫాల్ మీద పడితే సరుకు పోయినట్టే. కాబట్టి పూజ సామాన్లు ఇత్తడితో కలిపాం. గుడ్డలు, టైలరు ఒకచోట. గాజులు, శుభలేఖలు ఒకచోట. వాచీలాయన తన గాజు పెట్టెతో టీ అంగట్లో లోపలి మూలకు వెళ్లాడు.

మారడానికి ఆషాఢం ఎంచుకున్నాం. బేరాలుండవు కాబట్టి నష్టం తక్కువ. కానీ కొత్త చోట ఆషాఢంలో పాలు పొంగించరు. అందుకని ముందే మంచిరోజు చూసి పక్క షట్టర్లలో దీపం పెట్టుకున్నారు, సరుకు మాత్రం ఆషాఢంలో మోశారు. 2018 జూలైలో ఎడమ సగం కూల్చడం మొదలైంది. ఆషాఢం మాకు ఇంకో విధంగానూ కలిసొచ్చింది. మా జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి పునాదులు పైకి రాకపోతే గుంటల్లో ఊట నీళ్లు నిలుస్తాయి, పక్కింటి పాత గోడల కింద మట్టి జారుతుంది. ఎడమ పక్కింటి గోడ సున్నపు గోడ, పునాది లోతు రెండున్నర అడుగులే. ఆ పక్కన గుంటలన్నీ ఒకేసారి తవ్వనివ్వలేదు. ఒకటి తవ్వి, ఫుటింగు (పిల్లరు కింద కాంక్రీటు దిమ్మ) పోసి, మట్టి నింపి, ఒకటి వదిలి ఇంకోటి తవ్వాం. మేస్త్రి విసుక్కున్నాడు. పని మూడు వారాలు ఆలస్యమైంది. గోడకు చిన్న బీట కూడా రాలేదు.

ఎడమ బ్లాకు 2019 శ్రావణానికి తయారైంది. కుడి సగం మొదలుపెట్టేసరికి ఇసుక దొరకలేదు. ఆ ఏడాది రాష్ట్రమంతా అదే పరిస్థితి. పెన్న ఒడ్డున ఉన్న ఊళ్లో ఇసుక కోసం నెలల తరబడి ఎదురుచూశాం. కూలీలు వేరే పనులకు పోయారు. స్లాబుకు సెంట్రింగు కొట్టిన సమయంలో 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చింది. కుడి బ్లాకు తెరిచింది 2021 శ్రావణంలో. మొదట రాసుకున్న ఒప్పందంలో "ఆలస్యమైతే ఇంటివాళ్లు అద్దె తీసుకోరు" అన్న ఒక్క లైను ఉంది. లాయరుగారు పట్టుబట్టి పెట్టించిన లైనది. ఆ ఒక్క లైనే కరోనా నెలల్లో ఆ వరసను నిలబెట్టింది. అక్కగారు ఆ నెలలు తన బంగారం కుదువపెట్టి ఇల్లు గడిపారని నాకు తర్వాత తెలిసింది. ఆలస్యం భారం ఒకరి నెత్తినే పడకుండా ఇంటివాళ్లకు కూడా ఒక నిధి చూపించి ఉండాల్సింది. అది నా లెక్కలో లేదు.

మెట్ల దగ్గర నేను చేసిన తప్పు

పాత అంగళ్ల నేల సందు కన్నా అడుగు కిందికుండేది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే పోశారు. 2015 నవంబరు వానల్లో నీళ్లు లోపలికొచ్చి శుభలేఖలాయన కట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. అందుకని కొత్త నేలను రోడ్డుకు రెండున్నర అడుగులు ఎత్తించాను. మెట్లు రోడ్డు మీదికి రాకూడదు, షట్టరు లోపలే పెట్టాలి. లోపల చోటు మిగల్చాలని నాలుగే మెట్లు పెట్టాను, ఒక్కోటి ఏడున్నర అంగుళాలు.

ఎడమ బ్లాకు తెరిచిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు నేను అక్కడే ఉన్నాను. డెబ్బై ఏళ్లావిడ ఒకామె కింద మెట్టు దగ్గర నిలబడి షట్టరు అంచు పట్టుకుంది. ఒక కాలు ఎత్తింది, మళ్లీ దించింది. "నాయనా, ఆ కలశం చెంబు కిందికి తీసుకొచ్చి చూపించు" అంది. ఇత్తడాయన నాలుగు చెంబులు తెచ్చి మెట్టు మీద పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుని పోయింది. పాత అంగట్లో అయితే లోపలికి వచ్చి కూర్చునేది, కోడలికి పళ్లెం, దీపపు సెమ్మె కూడా చూసేది. ఆ రోజు ఒక గంటలో అట్లా వెనక్కి తగ్గినవాళ్లను ఐదుగురిని చూశాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మా సందు గిరాకీలో పెద్ద వయసు ఆడవాళ్లు ఎక్కువని నా కాగితాల్లోనే రాసి ఉంది. అయినా మెట్టు గీసేటప్పుడు దాన్ని చూడలేదు. వారంలో ఆ మెట్లు పగలగొట్టించి ఆరంగుళాల చొప్పున ఐదు మెట్లు వేయించాను, ఒక పక్క పట్టుకోవడానికి పైపు పెట్టించాను. లోపల అడుగు చోటు పోయింది. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. కుడి బ్లాకు మొదటినుంచే అట్లా కట్టాం. 2021 నవంబరులో మళ్లీ పెద్ద వానలొచ్చాయి, పెన్నకు వరదొచ్చింది. సందులో నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. కార్తీకమాసం, పూజ సామాన్లు షట్టరు నిండా ఉన్నాయి. ఒక్క పొట్లం తడవలేదు.

ఇప్పుడు వరస ఎట్లా ఉంది

అందరూ వెనక్కి రాలేదు. టైలరు మధ్యలోనే వెళ్లిపోయాడు. ఇద్దరు సర్దుకున్న షట్టరులో మిషను పెట్టుకునే చోటు చాలక బాలాజీనగర్‌లో ఇంట్లోనే కుట్టడం మొదలుపెట్టాడు. గిరాకీ ఇంటికే వస్తోంది, అద్దె లేదు, ఇక రానన్నాడు. ఆయన షట్టరును హైదరాబాదు తమ్ముడు సెల్‌ఫోన్ల షాపుకు ఇచ్చారు. మిగతావాళ్లకన్నా రెట్టింపు అద్దె. నేను వద్దన్నాను, కానీ ఆస్తి వాళ్లది. ఆరు నెలల్లో మ్యాచింగ్ సెంటరావిడ చెప్పింది, "సార్, గుడ్డ కొన్నాక ఇక్కడ ఆగే పని లేదు. కవరు పట్టుకుని పోతున్నారు." పక్కన గాజుల అంగడికీ అదే దెబ్బ. గాజులాయన కొడుకు సగం షట్టరులో ఫోను కవర్లు, ఛార్జర్లు పెట్టాడు. కుర్రాడి తెలివి నాకు నచ్చింది. గాజులు మాత్రం తగ్గాయి.

అక్కగారు ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, నువ్వు చెప్పింది టైలరు షట్టరు విషయంలోనే తెలిసొచ్చింది, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. సెల్‌ఫోన్ల షాపు లీజు ఉంది, లేపలేం. అయితే రెండో అంతస్తు అప్పటికి ఖాళీగానే ఉంది. కోచింగ్ సెంటరువాళ్లు, చీటీల ఆఫీసువాళ్లు అడిగి పోయారు. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే ఆవిడ ఒకామె మ్యాచింగ్ సెంటరు ద్వారా వచ్చింది. ఎనిమిదిమంది ఆడపిల్లలు ఆమె దగ్గర పనిచేస్తారు. కొలతలు తీసుకునే చోటు, కుట్టే మిషన్లు కూడా పెడతానంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, వెలుతురు గురించి. పూసా జరీ కుట్టేవాళ్లకు నీడ పడని వెలుతురు కావాలి. ఎలివేషన్‌కు, అంటే ముందువైపు అందంగా కనబడడానికి, అద్దాలూ రంగు షీట్లూ వేద్దామని తమ్ముళ్లు అన్నప్పుడు, వేడి ఎక్కుతుందని ఆపి, ఉత్తరం వైపు నాలుగు పెద్ద కిటికీలు పెట్టించి ఉంచాను. వాటి కింద ఇప్పుడు నాలుగు మగ్గాలున్నాయి. మ్యాచింగ్ సెంటరావిడ గుడ్డ కోసి ఇచ్చి, "పైన కొలతలిచ్చి రండి" అని మెట్లదారి చూపిస్తోంది. పైకి పోయినవాళ్లు దిగి వచ్చేలోపు వెంట వచ్చినవాళ్లు టీ తాగుతున్నారు.

శుభలేఖలాయన మొదటి అంతస్తులో రెండేళ్లు నడిపి మానేశాడు. ఆ గదిలో ఇప్పుడు పెళ్లి ఆల్బమ్‌లు చేసే కుర్రవాళ్లున్నారు. ఇత్తడి అంగట్లో స్టీలు తగ్గి రాగి ఎక్కువైంది. రాగి బిందెలో నీళ్లు తాగాలని పట్నం వాళ్లు అడుగుతున్నారు. కళాయి వేసే ముసలాయన నెలకు రెండుసార్లు వెనక సందులో కొలిమి పెట్టుకుంటాడు. పార్కింగు గోడ పక్కన ఆయనకోసం ఆరడుగుల చోటు గీత గీసి వదిలాం. ప్లానులో అది "సర్వీస్ ఏరియా" అని ఉంటుంది.

వాచీలాయన మెట్ల కింద బల్ల దగ్గరే ఉన్నాడు. మగ్గం పని కోసం పైకి పోయే ప్రతి ఒక్కరూ ఆయన ముందునుంచే పోవాలి. మొన్న వెళ్లినప్పుడు భూతద్దం కంటికి పెట్టుకునే తలెత్తకుండా అన్నాడు, "సార్, ఎదురు వరస ఇంటివాళ్లు మీ నంబరు అడిగి తీసుకున్నారు. వాళ్లదీ పడగొడతారంట." వాళ్లు ఆ రాత్రే ఫోన్ చేశారు. ప్లాను ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగారు. ముందు మాఘం పెళ్లిళ్లలో ఒక వారం, ఆషాఢంలో ఒక వారం మీ సందులో కూర్చోవాలని చెప్పాను.